హాఫ్ టికెట్టు

జూన్ 1, ఆదివారం

ఈ నోటుపుస్తకంలో కుక్క గురించి మాత్రమే రాయాలట. ఎన్నిసార్లు మొరిగింది, ఎంతసేపు మొరిగింది, దేన్ని చూసి మొరిగింది. ట్రైనరమ్మ ఆర్డరు. సరే, రాస్తున్నాను. ఇవాళ పదకొండుసార్లు. కాలింగ్ బెల్లుకి నాలుగుసార్లు, పక్కింటి తలుపుకి మూడుసార్లు, మిక్సీకి రెండుసార్లు, నాకు ఒకసారి. మిగిలిన ఒక్కటీ గోడకేసి చూసి మొరిగింది. ఆ గోడ ఏం పాపం చేసిందో దానికే తెలియాలి.

ట్రైనరమ్మ అంటే పెద్దావిడ అనుకున్నాను. పాతికేళ్ల పిల్ల. వస్తూనే కుక్కని కాకుండా నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "దీనికేం నేర్పాలనుకుంటున్నారండీ?" అంది. లిస్టు చదివాను. మొరగకూడదు. కూర్చోమంటే కూర్చోవాలి. రమ్మంటే రావాలి. నా చెప్పుల జోలికి పోకూడదు. నేను హెడ్‌సెట్ పెట్టుకుని పనిలో ఉన్నంతసేపూ దాని ఊపిరి చప్పుడు కూడా వినపడకూడదు.

"ఎన్నాళ్లలో?"

"ఈ నెలాఖరులోగా."

ఆ పిల్ల నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. "చూడండీ, ఇది పోలీసు కుక్క కాదు. ఒళ్లో కూర్చోడానికి పుట్టిన జాతి. మూడున్నర కిలోలు కూడా లేదు. మొరగడం దీని ఉద్యోగం. ఉద్యోగం మానిపించలేం, గంటలు తగ్గించగలం," అంది. నా లిస్టు తీసుకుని వెనక వైపు తన లిస్టు రాసింది. మూడే మూడు. బెల్లు మోగితే రెండు నిమిషాల్లోపు ఆగాలి. అరగంట ఒంటరిగా ఉండగలగాలి. పదిసార్లు పిలిస్తే ఆరుసార్లు రావాలి.

"ఆరేనా?" అన్నాను.

"మీవారిని పదిసార్లు పిలిస్తే ఎన్నిసార్లు పలుకుతారు?" అంది.

పోతూ పోతూ నా చేతిలో సగం అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ డబ్బీ ఒకటి పెట్టింది. నొక్కితే టక్ మంటుంది. కుక్క మంచి పని చేసిన క్షణాన ఒక్కసారి నొక్కాలి, వెంటనే బిస్కెట్ ముక్క పెట్టాలి. "ఒక్కసారేనండోయ్. ఎక్కువసార్లు నొక్కితే దానికి తికమక," అని నాకు రెండుసార్లు చెప్పింది.

నెలాఖరు గడువు నేను పెట్టింది కాదు, అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారిది. కింది ఇంట్లో మూడు నెలల పసిపాప ఉంది. ఆ పాప కళ్లు మూయగానే మా కుక్క దొరగారు గొంతు విప్పుతారు. తప్పు మాదే, కాదనను. ఇరవై తొమ్మిదో తారీకు, ఆదివారం, ఉదయం పదింటికి సెక్రటరీ గారు స్వయంగా వచ్చి బెల్లు కొట్టి, గడియారం చూస్తూ నిలబడతారట. రెండు నిమిషాలు దాటిందా, కుక్క వెళ్లిపోవాలి. ఎక్కడికి? మావారి స్నేహితుడి గోడౌనుకి, కాపలాకి. మూడున్నర కిలోల కాపలా! అక్కడి ఎలుకలు దీనికంటే పుష్టిగా ఉంటాయి.

అసలు కుక్క మాది కాదు, మామయ్యగారిది. నెల కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి ఆయన్ని మా ఇంటికి తెస్తే కుక్క కూడా వచ్చింది. దాని పేరేంటో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన మనిషికి మాట లేదు. ఈయన్ని అడిగితే, "నాన్న దాన్ని ఒరేయ్ అనేవాడు. నన్నూ ఒరేయ్ అనేవాడు. ఎవర్ని పిలిచినా ఇద్దరం వెళ్లేవాళ్లం," అన్నారు. ఈయనకి అన్నీ హాస్యాలే.

పంపేస్తే పీడా విరగడవుతుంది. కాకపోతే ఒకటే చిక్కు. అది మంచం మీద పక్కన కూర్చుంటే తప్ప మామయ్యగారు ముద్ద మింగరు.

జూన్ 2, సోమవారం

తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున ఐదు నిమిషాలు, మధ్యాహ్నం ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు.

హాలుకి ఆ చివర నేను, ఈ చివర అది. "రా" అంటాను. రెండడుగులు వేస్తుంది. శభాష్ అనుకుని టక్ మని నొక్కుతాను. అంతే, ఉన్నచోటే కూలబడుతుంది. బిస్కెట్ చూపిస్తే చూస్తుంది. కదలదు. నేనే వెళ్లి నోటికి అందించాలి, దొరగారికి. మళ్లీ "రా" అంటాను, చెవులు నిక్కబొడుచుకుంటుంది, కదలదు. ఈ ఇంట్లో ఇంకో మొండిఘటం అవసరమైంది మరి.

జూన్ 3, మంగళవారం

ఇరవై ఆరుసార్లు. ఇక లెక్కపెట్టను.

జూన్ 5, గురువారం

నా ఉద్యోగం గీజర్ల కంపెనీలో ఫిర్యాదులు వినడం. ఇంట్లోనే, హాలు మూల బల్ల మీద. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఊళ్లో ఎవరి నీళ్లు కాగకపోయినా నన్నే తిడతారు, నేను "మీ ఇబ్బందికి చింతిస్తున్నామండీ" అంటాను. ఇవాళ ఒకాయన, "నా ఇబ్బంది సరే, మీ ఇంట్లో ఎవరినో పొడుస్తున్నట్టున్నారు, ముందు అది చూసుకోండి," అన్నాడు. కుక్క. తర్వాత సూపర్‌వైజర్ మేడమ్ లైన్లోకి వచ్చింది. మా కాల్స్ అన్నీ ఆవిడ వింటుంది. "ఆ చప్పుడేంటి?" "టీవీ అండీ." "మొరిగే టీవీయా?" "జంతువుల ప్రోగ్రామండీ." నమ్మలేదు. ఇంకోసారి వినపడితే రాసి పైకి పంపుతానంది.

ఇది చాలదన్నట్టు మామయ్యగారు కొత్త పని మొదలుపెట్టారు. ఎడమచేత్తో స్పూను పట్టుకుని మంచం కమ్మీ మీద కొడుతున్నారు. టంగ్ టంగ్. ఎప్పుడూ రెండు. సరిగ్గా నా ట్రైనింగ్ సమయానికే. నేను డబ్బీ నొక్కి కుక్కని ఒకచోట కూర్చోబెడతానా, లోపలినుంచి టంగ్ టంగ్. కుక్క బాణంలా ఆయన గదిలోకి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

కావాలనే చేస్తున్నారు. నాకు తెలుసు ఆయన సంగతి. ఆరేళ్ల కిందట భోజనాల దగ్గర పదిమందిలో అన్నారుగా, "మా కోడలు ఊరందరితో మాట్లాడుతుంది. ఇంట్లో మనిషికి మాత్రం లైను కలవదు," అని. అందరూ నవ్వారు. ఈయన కూడా నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన్ని మామయ్యా అని పిలవలేదు. వాళ్లింటికి ఈయన ఒక్కరే వెళ్లొచ్చేవారు. ఇప్పుడు మాట లేకపోయినా స్పూను ఉంది కదా ఎత్తిపొడవడానికి.

ఇది కుక్క గురించి రాయాల్సిన పుస్తకం. కుక్క ఇవాళ నా ఎడమ చెప్పు కొరికింది.

జూన్ 6, శుక్రవారం

టంగ్ టంగ్. పొద్దున నాలుగుసార్లు, మధ్యాహ్నం మూడుసార్లు.

జూన్ 8, ఆదివారం

ఈయన లిఫ్టు మెకానిక్కు. ఆదివారం కూడా ఎక్కడో ఎవరో మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నారని పరిగెత్తారు. ఊళ్లో ఎవరు ఇరుక్కున్నా వెళతారు. ఇంట్లో ఇరుక్కున్నదాని బెల్లు మాత్రం ఈయనకి వినపడదు.

ట్రైనరమ్మకి ఫోన్ చేసి స్పూను సంగతి చెప్పాను. "పెద్దాయన పిలుస్తుంటే అది వెళుతోంది కాబోలు. ట్రైనింగ్ జరిగే ఐదు నిమిషాలూ ఆయన్ని ఆగమనండి," అంది. ఆ పిల్లకేం, చెప్పేస్తుంది. ఆయనతో నేనెలా చెప్పను?

జూన్ 9, సోమవారం

స్పూను తీసేశాను.

గొడవేం జరగలేదు. పొద్దున జావ తాగించాక గిన్నెతో పాటు స్పూను కూడా తెచ్చేశాను, అంతే. గిన్నె తెస్తూ స్పూను తేవడం తప్పేం కాదు. మధ్యాహ్నం దిండు పక్కన చేత్తో తడుముకుంటూ వెతికారు. నేను చూడనట్టు ఫ్యాను స్పీడు తగ్గించి వచ్చాను.

ట్రైనింగ్ అద్భుతంగా జరిగింది. టక్ మనగానే కూర్చుంది, పావుగంట కదల్లేదు.

జూన్ 10, మంగళవారం

అద్భుతం. ఇరవై నిమిషాలు కదల్లేదు. ఈయనకి గర్వంగా చూపించాను. "బొమ్మలా కూర్చుందేంటి? దానికి ఒంట్లో బాగుందా?" అన్నారు. మెచ్చుకోవడం వీళ్ల వంశంలోనే లేదు.

జూన్ 12, గురువారం

ఇరవై నిమిషాలు బొమ్మలా కూర్చుంది. ఇరవై ఒకటో నిమిషాన మొదలుపెట్టింది. మొరుగుడు కాదు, ఏడుపు. ఉన్నచోటి నుంచి కదలకుండా, మామయ్యగారి గది గుమ్మం వైపు తలతిప్పి, మెడ సాగదీసి. నేను తిట్టాను, బతిమాలాను, బిస్కెట్ పెట్టాను, టక్ మన్నాను. ఇంకా బిగుసుకుపోయి ఇంకా ఏడ్చింది. చివరికి ఎత్తుకెళ్లి ఆయన మంచం మీద పడేస్తే ఊరుకుంది.

కింది ఇంటావిడ పాపని భుజాన వేసుకుని పైకొచ్చింది. తిడితే బాగుండేది. "అక్కా, నేను నిద్రపోయి నాలుగు రోజులైంది," అని గుమ్మంలో నిలబడి ఏడ్చింది. నేనేమన్నానో తెలుసా? "మీ ఇబ్బందికి చింతిస్తున్నామండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

జూన్ 14, శనివారం

వ్యాయామం చేయించడానికి వచ్చే ఆయన ఇవాళ మామయ్యగారి ఎడమచెయ్యి పైకెత్తి వదిలాడు. అది దబ్బున పడింది. "ఇదేంటమ్మా, పోయినవారం ఈ చెయ్యి బాగానే ఆడించేవారే. వాడటం మానేశారా?" అన్నాడు.

వయసు కదండీ అన్నాను.

జూన్ 15, ఆదివారం

స్పూను గురించి ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే.

జూన్ 17, మంగళవారం

బెల్లుకి ఐదున్నర నిమిషాలు మొరిగింది. గడియారం చూసి మరీ రాస్తున్నాను. ట్రైనరమ్మ వచ్చి చూసి తల గోక్కుంది. "నా ఐదేళ్లలో ఇలా వెనక్కి నడిచిన కుక్కని చూడలేదండీ. ఆశ కొంచెం తగ్గించుకుందాం," అంది. రెండు నిమిషాలకన్నా ఎక్కడికి తగ్గిస్తాను? సెక్రటరీ గారి గడియారం తగ్గుతుందా?

ఈయన గోడౌను స్నేహితుడికి ఫోన్ చేశారు. ముప్పయ్యో తారీకున వచ్చి తీసుకెళతాడట. ఫోన్ పెట్టేసి చాలాసేపు లిఫ్టు తాళాల గుత్తి చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "నాన్నకి ఎలా చెప్పాలి?" అన్నారు. నాకేం తెలుసు? ఆయనతో మాట్లాడేది నేనా?

మామయ్యగారు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. జావ సగమే.

జూన్ 19, గురువారం

పావు.

జూన్ 21, శనివారం

ఇవాళ జరిగింది వరసగా రాసుకోవాలి. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

మధ్యాహ్నం బెల్లు మోగింది. తలుపు తీస్తే బట్టతల, తెల్ల మీసాలు, వీధి చివరికి వినపడే గొంతు. మామయ్యగారు కండక్టరుగా చేసిన బస్సుకి డ్రైవరాయన. "నువ్వేనా కోడలివి? నేను మీ మామయ్యతో పంతొమ్మిదేళ్లు బండి నడిపానమ్మాయ్! వీడికిలా అయిందని నిన్ననే తెలిసింది," అని అరుస్తున్నారు. కాళ్ల దగ్గర కుక్క ఆయన్ని మించి అరుస్తోంది. నేను డబ్బీ కోసం వెతుక్కుంటున్నాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి తలుపు గొళ్లెం మీద కొట్టారు. టంగ్. ఒక్కటే.

కుక్క నోరు మూసుకుని కూర్చుంది.

నా నోరు తెరుచుకుని ఉండిపోయింది. "ఏం చేశారు బాబాయ్?"

"ఆపాను." మళ్లీ కొట్టారు. టంగ్ టంగ్. కుక్క లేచి తోక ఊపుకుంటూ ఆయన చుట్టూ తిరిగింది. "ఏరా హాఫ్ టికెట్టూ! నన్ను గుర్తుపట్టావురా!" అన్నారు.

హాఫ్ టికెట్టట దాని పేరు. పొట్టిది కదా, పిల్లలకి కొట్టే సగం టికెట్టు.

"ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. బండిలో ముందు నేను, వెనక మీ మామయ్య, మధ్యలో కిక్కిరిసిన జనం. నోటిమాట ఎవరికి వినపడుతుందమ్మా? టికెట్లు కొట్టే పంచ్ తీసి కడ్డీ మీద కొట్టేవాడు. పంతొమ్మిదేళ్లు మా ఇద్దరికీ అదే మాట. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోదుగా! దీనికి నేర్పాడు. రోడ్డు దాటాలన్నా, గుమ్మం దాటాలన్నా, గిన్నెలో మూతి పెట్టాలన్నా రెండు కొట్టాల్సిందే. నన్నే నడిపినవాడికి కుక్కొక లెక్కా!"

లోపలికెళ్లి మామయ్యగారి పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద వేలితో రెండు కొట్టారు. మామయ్యగారు ఆయన వైపు తిరిగారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వచ్చేశాను. పాలు పొంగిపోయాయి.

జూన్ 22, ఆదివారం

పొద్దున్నుంచీ ఈ పుస్తకమే తిరగేస్తున్నాను. నా చేతిరాతే. ఐదో తారీకు: ఎప్పుడూ రెండు. ఆరో తారీకు: టంగ్ టంగ్. ఒకటి అని ఒక్క రోజు కూడా రాయలేదు.

ఆయన నన్ను ఎత్తిపొడవలేదు. నా పాడు డబ్బీతో టక్ మని ఒక్కటి కొట్టి నేను కుక్కని ఆపేస్తూ పోయాను. అది చెప్పినమాట విని ఆగింది. ఎప్పుడు కదలమంటారా అని కూర్చుంది. పోరా పో అని ఆయన లోపలినుంచి రెండు కొట్టి దాన్ని పంపిస్తూ వచ్చారు. ఆ ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుకున్నారు. మధ్యలో నేను దూరాను. దూరి, స్పూను కూడా తీసేశాను. పక్షవాతం కుడిచెయ్యి తీసుకుంటే ఎడమచెయ్యి నేను తీసుకున్నాను.

ఈయనకి చెప్పాను, అంతా. కోప్పడతారనుకున్నాను. "బస్సులో పని నాకేం తెలుసు? నన్నెప్పుడూ ముందు సీట్లో కూర్చోబెట్టేవాడు," అన్నారు. హాస్యం ఆడలేదు. అదే భరించలేకపోయాను.

స్పూను కడిగి తీసుకెళ్లి ఆయన ఎడమచేతి దగ్గర పెట్టాను. "మామయ్యా," అన్నాను. ఆరేళ్లయింది ఆ మాట అని. "నాకు తెలియలేదు మామయ్యా. మీరు నన్ను వేధిస్తున్నారనుకున్నాను. తప్పయిపోయింది."

ఆయన నన్ను చూశారు. స్పూనుని చూశారు. గోడవైపు తిరిగిపోయారు.

జూన్ 23, సోమవారం

స్పూను పెట్టినచోటే ఉంది.

జూన్ 24, మంగళవారం

ట్రైనరమ్మకి ఫోన్‌లో చెప్పాను. పడీపడీ నవ్వింది. నవ్వలేని పిల్ల అనుకున్నాను. "అయితే మూడు వారాలుగా మీరు అది మంచి పని చేసినప్పుడల్లా బ్రేకు వేశారన్నమాట! నేనే వేయించాను," అంది. ఇప్పుడు కొత్తగా ఏమీ నేర్పొద్దంది. దానికొచ్చినదే నేను సరిగ్గా వాడుకోవాలట. ఒకటి, ఆగాలి. రెండు, కదలాలి. "అయినా బెల్లు మోగితే మొరుగుతుందండీ. కొత్త మనిషిని చూస్తే దానికి మతి ఉండదు. పదికి ఆరు. గుర్తుందిగా?"

ఈయన బయట నిలబడి బెల్లు కొట్టారు, నేను లోపల డబ్బీ నొక్కాను. పదికి మూడు.

జూన్ 26, గురువారం

పదికి ఐదు. మొరుగుడు ఐదున్నర నిమిషాల నుంచి రెండున్నరకి వచ్చింది. కింది ఇంటావిడ మెట్ల మీద కనిపించి, నిన్న రెండు గంటలు ఏకబిగిన నిద్రపోయానని చెప్పింది. చేతులు పట్టుకుంది. నాకు సిగ్గేసింది.

ఈయన బెల్లు కొట్టి కొట్టి అలిసిపోయి ఇవాళ లిఫ్టు కంపెనీలో కుర్చీలోనే నిద్రపోయారట.

జూన్ 27, శుక్రవారం

పదికి ఆరు. పండగ చేసుకోమంది ట్రైనరమ్మ, బిస్కెట్ నేను కూడా ఒకటి తిన్నాను. కుక్క బిస్కెట్ కాదు, మనుషులదే.

జావ పావే. స్పూను పెట్టినచోటే ఉంది. రోజూ కడిగి మళ్లీ అక్కడే పెడుతున్నాను. కుక్క ఆయన పక్కన పడుకుని స్పూను వాసన చూసి ఆయన మొహం చూస్తుంది.

ఈ మనిషికి ఎంత పట్టుదల! కోపం ఉంటే ఉండనీ, ఆ చెయ్యి ఏం చేసింది? నా మీద కోపం చేతి మీద తీర్చుకుంటారా? ఇంతకీ ఆ పని మొదలుపెట్టింది నేనే. మామ మీద కోపం స్పూను మీద తీర్చుకున్నది నేనే.

జూన్ 28, శనివారం

రేపే. గోడౌనాయన ఫోన్ చేసి, గొలుసు తెచ్చుకోవాలా, మా దగ్గరుందా అని అడిగాడు. అడిగి తెలుసుకోవడం మంచిదే కదా, నేనెందుకు ఫోన్ విసిరేశానో.

జూన్ 29, ఆదివారం

పదయ్యింది. బెల్లు మోగింది. సెక్రటరీ గారు ఇస్త్రీ ప్యాంటు, చేతిలో గడియారం, గుమ్మం బయట. "మొదలు," అన్నారు.

దొరగారు మొదలుపెట్టారు. నాకు చెమటలు. డబ్బీ నొక్కాను. టక్. వినలేదు. పదికి వినని ఆ నాలుగులో ఇదొకటన్నమాట, సరిగ్గా ఇవాళే. మళ్లీ టక్. ఆగింది, ఒక్క క్షణం. సెక్రటరీ గారు తుమ్మారు. మళ్లీ అందుకుంది. "ముప్పై సెకన్లు," అన్నారాయన. ఈయన వెనకనుంచి "నొక్కు, నొక్కు!" అంటున్నారు. "నిమిషం." కంగారులో నొక్కేశాను, టక్ టక్, రెండు. రెండు కొడితే ఏంటి? కదలడం! కదిలింది. తిన్నగా వెళ్లి సెక్రటరీ గారి ప్యాంటు పట్టుకుంది. మొరిగే కుక్క కరవదంటారు. ఇది ప్యాంటు పట్టుకునే మొరిగింది. రెండు పనులూ ఒకేసారి చేయగలదని నాలుగు వారాల్లో నేను కనిపెట్టలేకపోయాను.

"నిమిషం నలభై," అన్నారు సెక్రటరీ గారు కాలు విదిలించుకుంటూ. ఆ స్థితిలో కూడా గడియారం మీదినుంచి కన్ను తీయలేదు మహానుభావుడు. నేను డబ్బీ కింద పడేశాను. అది సోఫా కిందికి దొర్లింది. అయిపోయింది, గోడౌనే, అనుకున్నాను. ఏడుపొచ్చింది.

లోపలినుంచి. టంగ్.

ఒక్కటే. గట్టిగా కూడా కాదు.

కుక్క ప్యాంటు వదిలేసింది. తోక ముడిచి, బొమ్మలా కూర్చుంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఈయన గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు.

"నిమిషం యాభై," అన్నారు సెక్రటరీ గారు. వంగి ప్యాంటు చూసుకున్నారు. "రెండు నిమిషాల్లోపే. మాట మాటే. ప్యాంటు పట్టుకోవడం గురించి మనం ఏమీ అనుకోలేదు కాబట్టి అది పరీక్షలోకి రాదు." కుక్కని పంపేయమని రాసి తెచ్చిన నోటీసు మీద ఏదో రాసి సంతకం పెట్టారు. మూడు నెలల తర్వాత మళ్లీ వస్తారట. అప్పటికి షార్టు వేసుకొస్తానన్నారు. ఆయనకి కూడా హాస్యం వచ్చని ఇవాళే తెలిసింది.

తలుపు వేశాం. కుక్క కదల్లేదు. గుమ్మం వైపు కూడా చూడటం లేదు, లోపలి గది వైపు చూస్తోంది. రెండు కొట్టాలి కదా. సోఫా కింద చెయ్యి పెట్టి డబ్బీ తీశాను. నొక్కబోయి, ఆగి, లోపలికి వెళ్లాను.

మామయ్య మొహమంతా చెమట. స్పూను పక్కబట్ట మీద పడి ఉంది. తీసి వేళ్ల మధ్య పెట్టాను. చేతిని పైకి లేపడానికే ఎంతసేపు పట్టిందో. నేను పట్టుకోబోతే కళ్లతోనే వద్దన్నారు. కొట్టారు. టంగ్. రెండోది కొట్టాలని చెయ్యి మళ్లీ లేపారు. సగం దాకా వచ్చి కమ్మీ మీద వాలిపోయింది. నా వైపు చూశారు. ఆరేళ్లలో మొదటిసారి ఆయన నన్ను ఒక పని అడిగారు.

డబ్బీ నొక్కాను. టక్.

హాలులోంచి గోళ్ల చప్పుడు. అది నా కాళ్ల మధ్యనుంచి దూరి, మంచం ఎక్కి, ఆయన గడ్డం నాకింది. ఆయన నోరు ఒక పక్కకే నవ్వింది. నేను ఏడ్చాను, దాచుకోకుండానే. జావ ముప్పావు గిన్నె.

జూన్ 30, సోమవారం

తొమ్మిదిసార్లు మొరిగింది. బెల్లుకి నిమిషం ముప్పై, మిక్సీకి ఎప్పటిలాగే. కుడి చెప్పు కూడా పోయింది. ఇక రెండూ ఒకేలా ఉన్నాయి.

మధ్యాహ్నం కాల్ మధ్యలో లోపలినుంచి టంగ్ అని వినపడింది. చాలాసేపటికి ఇంకోటి. కుక్క ఎండలో పడుకుని నిద్రపోతోంది. కాబట్టి అది కుక్కకి కాదు. సూపర్‌వైజర్ మేడమ్ లైన్లోకి వచ్చింది. "మీ వెనక మళ్లీ ఏదో చప్పుడండీ. మొరుగుడు కూడా కాదు. అదేంటి, టీవీయేనా?"

"కాదండీ. మా మామయ్యగారు. మాట్లాడుతున్నారు. ఒక్క నిమిషం లైన్లో ఉండండి," అన్నాను.

హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లాను.